పోపులపెట్టె లెక్కలు: రోజుకి ఏడు డాలర్లు

మన పార్టీల్లో ఇళ్ల ధరలు మాట్లాడుకుంటాం, పిల్లల మార్కులు మాట్లాడుకుంటాం, గ్రీన్ కార్డు లైను ఎంతవరకూ కదిలిందో మాట్లాడుకుంటాం. క్రెడిట్ కార్డు మీద ఎంత బాకీ ఉందో మాత్రం పక్క కుర్చీలో కూర్చున్న సొంత పిన్నికి కూడా చెప్పం. అందుకే ఈసారి నేనే మొదలుపెడుతున్నాను. మావారి అనుమతి తీసుకునే రాస్తున్నానండోయ్!

మా అమ్మమ్మకి బ్యాంకు అంటే పోపులపెట్టె. ఆవాల గిన్నె కింద పదో పరకో మడిచి పెట్టేది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరు ఫీజు అక్కణ్ణించే. డాలస్‌లో మా ఇంట్లోనూ పోపులపెట్టె ఉంది, స్టీలుదే, కానీ అందులో ఆవాలూ జీలకర్రా తప్ప ఏమీ లేవు.

2023 మార్చిలో మావారి ఉద్యోగం పోయింది. ఆ ఏడాది టెక్నాలజీ కంపెనీల్లో ఎంతమందికి పోయిందో మీకు తెలిసిందే. అదే వేసవిలో రాజమండ్రిలో మామగారు కాలం చేశారు. నలుగురికీ అప్పటికప్పుడు టిక్కెట్లు. ఉద్యోగం లేని ఆ అయిదు నెలలూ ఇన్సూరెన్స్ పోకుండా కోబ్రా తీసుకున్నాం. కోబ్రా అంటే పాత కంపెనీ ప్లానే, కానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం వరకూ ఖర్చుల కింద. ఆగస్టులో కొత్త ఉద్యోగం వచ్చింది. సంవత్సరాంతానికి లెక్క చూసుకుంటే రెండు కార్డుల మీద 11,400 డాలర్లు తేలింది. ఒకదాని మీద 24 శాతం వడ్డీకి 7,200, రెండోదాని మీద 19 శాతానికి 4,200.

మావారు స్ప్రెడ్‌షీట్ తెరిచారు. నేను కేలండర్ వెనక పెన్సిలుతో వేశాను. నెలకి వడ్డీ 210 డాలర్లు. అంటే రోజుకి ఏడు. మనం పడుకున్నా లేచినా, వంట చేసినా చేయకపోయినా, రోజుకి ఏడు డాలర్లు. ఆ అంకె పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. 11,400 అంటే గుండె జారుతుంది గానీ ఏం చెయ్యాలో తోచదు. ఏడు డాలర్లంటే చేతికి అందుతుంది.

పిల్లలూ, ఇక్కడ మీకో చిన్న లెక్క. 100 డాలర్ల అప్పు మీద ఏడాదికి 24 శాతం వడ్డీ అంటే నెలకి 2 శాతం. ఏమీ కట్టకుండా వదిలేస్తే ఏడాది చివర ఎంతవుతుంది? 124 అనుకుంటున్నారా? కాదు, 126 డాలర్ల 82 సెంట్లు. వడ్డీకి కూడా వడ్డీ పడుతుంది కనక. ఇంకో చిట్కా: 72ని వడ్డీ శాతంతో భాగించండి. 24తో భాగిస్తే మూడు. మూడేళ్లలో అప్పు ఇంచుమించు రెట్టింపవుతుందన్నమాట. మా అబ్బాయికి ఈ లెక్క చెప్పాక షూస్ గురించి అడగడం కొంత తగ్గించాడు. కొంతే!

2009లో వచ్చిన చట్టం పుణ్యమా అని కార్డు స్టేట్‌మెంటులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. కొత్తగా ఏమీ కొనకుండా మినిమం మాత్రమే కడితే ఎన్నేళ్లు పడుతుందో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకి ఎంత కట్టాలో అందులో రాస్తారు. మీ స్టేట్‌మెంటు తీసి ఒక్కసారి చూడండి. మా మొదటి కార్డుకి మినిమం 216 డాలర్లు. అందులో 144 వడ్డీకే పోయేది.

ఆ కార్డు బాకీని 15 నెలలు వడ్డీ లేని ఇంకో కార్డుకి మార్చాం. 3 శాతం ఫీజు, అంటే 216 డాలర్లు, కలిపితే 7,416 అయింది. నెలకి 495 చొప్పున ఆ 15 నెలల్లోనే తీరిపోవాలని పట్టు. ఈ పద్ధతిలో రెండు జాగ్రత్తలున్నాయి: వాయిదా 60 రోజులకి మించి ఆలస్యమైతే ఆ సున్నా వడ్డీ పోవచ్చు, ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు. మేం కార్డుని కత్తిరించలేదు, గోధుమపిండి డబ్బాలో పెట్టాం. రెండో కార్డుకి నెలకి 150 కట్టాం. మొత్తం 645.

ఈ 645 ఎక్కణ్ణించి రావాలి? పెద్ద భాగం బయటి తిండిలోంచే వచ్చింది. మూడు నెలల బిల్లులు కూడితే నెలకి 420 డాలర్లు హోటళ్లకే పోతున్నాయి. శుక్రవారం బిర్యానీ ఫ్యామిలీ ప్యాకు, ఆదివారం టిఫిన్లు, మధ్యలో పిజ్జా. పూర్తిగా మానేద్దామంటే రెండు వారాలు కూడా నిలవదని నాకు తెలుసు. అందుకని నెలకి 120 డాలర్లు కవర్లో పెట్టి పిల్లల చేతికిచ్చాను. ఎక్కడికి, ఎప్పుడు అన్నది వాళ్లిష్టం. డబ్బు తమ చేతిలోకి వచ్చేసరికి మా అమ్మాయి మెనూ కార్డులో ధరలు చదవడం మొదలుపెట్టింది. ‘అమ్మా, ఈ దోశ పదమూడు డాలర్లా? మనింట్లో వేస్తే?’ అంది.

ఫోను ప్లాను మార్చితే 110, చూడని చానెళ్లు తీసేస్తే 60, కారు ఇన్సూరెన్సుకి నాలుగు చోట్ల ధర అడిగితే 45 మిగిలాయి. ఇవి ఒక్క మధ్యాహ్నం పని. కిరాణాలో 125 తగ్గింది. అల్లం వెల్లుల్లి ముద్దా ఇడ్లీ పిండీ ఇంట్లోనే చెయ్యడం, ఫ్రోజెన్ సమోసాల అర వైపు వెళ్లకపోవడం, అంతే. పెరట్లో గోంగూర వేశాను. డాలస్ ఎండకి మనిషెత్తు పెరిగింది గానీ, నిజం చెప్పొద్దూ, నీళ్ల బిల్లు కలిపి చూస్తే కొనుక్కున్న గోంగూరే చవక. అయినా తీసెయ్యలేదు. అది పొదుపు కింద కాదు, సరదా కింద రాసుకున్నాం.

కానుకలు, బట్టలు తగ్గిస్తే ఇంకో 100. అన్నీ కలిపితే 740. కష్టమంతా ఈ చివరి వందలోనే ఉంది. గృహప్రవేశానికి వెండి గిన్నె తీసుకెళ్లకపోతే ఏమనుకుంటారో! ఒక శనివారం మా స్నేహితుల గుంపుతో చెప్పేశాను: ‘ఈ ఏడాది మేం అప్పు తీరుస్తున్నాం. హోటల్లో పార్టీలకి రాలేం. మా ఇంట్లో తలో కూరా తెచ్చుకుంటే రండి’ అని. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి ఒకావిడ వచ్చి, ‘మాకూ అంతే వదినా, చెప్పలేక చస్తున్నాం’ అంది. ఆ నెల నుంచి మా గుంపులో కేటరింగు ట్రేలు ఆగిపోయాయి. ఆవిడ గుత్తి వంకాయ కూర ఎంత బాగా చేస్తుందో అన్నాళ్లూ మాకెవరికీ తెలియలేదు!

ఇక అసలు సంగతికి వస్తాను. 2024 ఫిబ్రవరిలో మావారి షుగరు మాత్రల సీసా సర్దుతూ చూస్తే అందులో ఉండాల్సిన వాటికన్నా చాలా ఎక్కువ మాత్రలున్నాయి. అడిగితే మొదట మాట దాటేశారు. ఖరీదైన కొత్త మందు ఒకటి రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట, డిడక్టిబుల్ పూర్తయ్యేవరకూ ధరంతా చేతినుంచే కట్టాలి కనక. ఫ్రిజ్ మీద నేనంటించిన ఏడు డాలర్లు చూసి ఆయన ఎంచుకున్న పొదుపు అది. అప్పటికి ఆయన ఏ1సీ 8.6.

మర్నాడే డాక్టరుకి ఫోను చేయించాను. ‘ఈ మందు మాకు భరించడం కష్టంగా ఉంది, వేరే దారి ఉందా?’ అన్న ఒక్క వాక్యం చెప్పడానికి ఆయన పది నిమిషాలు తటపటాయించారు. డాక్టరు మాత్రం అది రోజూ వినే మాటలాగే విన్నారు. పాత జెనరిక్ మందుల్లో సరిపడేవి రాశారు. మెట్‌ఫార్మిన్ లాంటివి ఎంత చవకో మనలో చాలామందికి తెలియదు. 90 రోజుల మందు ఒకేసారి రాయించుకోవచ్చు. ఇన్సూరెన్స్ వాడకుండా కొంటే ఎంత అని ఫార్మసీలో అడగవచ్చు, ఒక్కోసారి అదే తక్కువ. మందు మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరు చెప్పాలి, ఇంటి బడ్జెట్ కాదు. అక్టోబరుకి ఏ1సీ 7.1కి దిగింది. ఫ్రిజ్ మీద కాగితం కింద ఇంకో వాక్యం చేర్చాం: ‘మందులు, కళ్ల పరీక్ష, పళ్లు, ఈ మూడూ ముట్టుకోకూడదు.’

అదే ఏప్రిల్లో నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. ఇన్సూరెన్స్ పోగా మా వంతు 3,360 డాలర్లని బిల్లు వచ్చింది. నేను వెంటనే కట్టలేదు. ఏ పరీక్షకి ఎంతో వివరంగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు పంపమన్నాను. అడిగితే ఇస్తారు. ఒక రక్తపరీక్ష రెండుసార్లు వేశారు. అది సరిచేశాక మా వంతు 3,240 అయింది. తర్వాత వాయిదాలు అడిగాను. 24 నెలలు, నెలకి 135, వడ్డీ లేదు.

ఈ ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఆస్పత్రి బిల్లు కట్టలేకపోతే దాన్ని తీసుకెళ్లి క్రెడిట్ కార్డు మీద గీకకండి. ఆస్పత్రి దగ్గర ఉన్నంతవరకూ అది వైద్యపు బాకీ. సాధారణంగా వడ్డీ లేకుండా వాయిదాలు దొరుకుతాయి. కలెక్షన్‌కి పోయినా మూడు పెద్ద క్రెడిట్ బ్యూరోలూ 2022 నుంచి ఏడాది దాకా రిపోర్టులో చూపించడం మానేశాయి, 2023 నుంచి 500 డాలర్ల లోపువి అసలు చూపించడం లేదు. కార్డు మీదకి ఎక్కిన క్షణం నుంచి అది మామూలు అప్పు, 20 శాతం పైన వడ్డీ.

ఇంకోటి. లాభాపేక్ష లేని ఆస్పత్రులు ఆర్థిక సహాయ విధానం ఒకటి రాసిపెట్టుకుని ఉండాలని 2010 ఆరోగ్య చట్టంతో నియమం వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇచ్చే మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా ఆదాయానికి మాకు వర్తించలేదు గానీ, మావారికి ఉద్యోగం లేని నెలల్లో ఈ ఆపరేషన్ వచ్చి ఉంటే తప్పకుండా పెట్టేదాన్ని. ఆస్పత్రి తన సొంత ఖాతాలోంచి ఇచ్చే తగ్గింపు సర్కారు భత్యం కాదు. వీసా మీద ఉన్నవాళ్లకి అనుమానముంటే మాత్రం లాయర్ని ఒకమాట అడగండి.

ఆ 135 కూడా కార్డుల బడ్జెట్‌లోంచి రాలేదు. కొత్త ఉద్యోగంలో తీసుకున్నది ఎక్కువ డిడక్టిబుల్ ఉన్న ప్లాను కనక దాంతోపాటు హెచ్.ఎస్.ఏ. ఖాతా తెరిచాం. జీతంలోంచి నేరుగా అందులోకి వేస్తే ఫెడరల్ పన్నూ లేదు, సోషల్ సెక్యూరిటీ పన్నూ లేదు. 22 శాతం పన్ను కట్టే ఇంటికి వంద డాలర్లకి దాదాపు ముప్ఫై మిగులు. 135 వేస్తే చేతికొచ్చే జీతంలో తగ్గింది 95. మిగిలిన 740లో కార్డులకి 645, దీనికి 95. ఖాతా తెరిచిన తర్వాత అయిన ఖర్చులకే ఆ డబ్బు వాడాలన్నది గుర్తుంచుకోండి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్లకి రాష్ట్రపు పన్ను మాత్రం పడుతుంది.

2025 మార్చిలో మొదటి కార్డు తీరింది. ఆ 495 కూడా రెండోదానికి మళ్లిస్తే ఆగస్టులో అదీ తీరింది. మొత్తం ఇరవై నెలలు. కాగితం చింపేది నేనంటే నేనని పిల్లలిద్దరూ దెబ్బలాడుకుంటే చెరి సగం చింపించాను. శుక్రవారం బిర్యానీ మళ్లీ వచ్చింది, నెలకి ఒకసారి. పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద ఇరవై డాలర్ల నోట్లు కొన్ని పెట్టాను. మా అత్తయ్యగారు వచ్చే వేసవికి వస్తున్నారు.

ఆ మాట మీదే వచ్చే సంచికలో అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ గురించి చెప్పుకుందాం. పాత జబ్బులకి అది ఎంతవరకూ పనికొస్తుందో, ఎంతవరకూ పనికిరాదో కొనేముందే చదువుకోవాలి. మీకు ఎదురైన అనుభవాలు ఉంటే పత్రికకి రాయండి. పేర్లు వెయ్యను లెండి.