ప్రాసిక్యూటరు ఒక్కరు.. కోర్టులు రెండు!

క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వ పక్షాన వాదించవలసిన అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు (ఎ.పి.పి.లు) తగినంతమంది లేనందువల్ల పాత తాలూకా కేంద్రాల్లోని మేజిస్ట్రేటు కోర్టుల్లో కేసులు వాయిదా మీద వాయిదా పడుతున్నాయి. ఒక కోర్టుకు నియమితులైన ఎ.పి.పి.కే పక్క ఊరి కోర్టును కూడా అదనంగా అప్పగించడం పరిపాటి అయింది. ఆయన ఇక్కడ ఉన్న రోజున అక్కడ, అక్కడ ఉన్న రోజున ఇక్కడ సాక్షుల విచారణ నిలిచిపోతుంది. బెయిలు మీద ఉన్న ముద్దాయికి వాయిదా వల్ల పోయేదేమీ లేదు. నష్టపోయేది కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చిన సాక్షి, న్యాయం కోసం ఎదురుచూసే ఫిర్యాది.

ఇందుకు ఏ ఒక్క ఎ.పి.పి.ని తప్పుపట్టీ ప్రయోజనం లేదు. లోపమంతా ప్రభుత్వం ఈ శాఖకు సిబ్బందిని సమకూర్చే తీరులోనే ఉంది.

విడదీశారు, ఆఫీసు ఇవ్వలేదు

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద మేజిస్ట్రేటు కోర్టుల్లో ప్రాసిక్యూషన్ ఎక్కువగా పోలీసు అధికారుల చేతుల మీదుగానే నడిచేది. కేసు పట్టిన శాఖే కేసు వాదించడం సరికాదని, రెండింటినీ విడదీయాలని లా కమిషన్ 1958లో తన 14వ నివేదికలో సూచించింది. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కోడ్‌లోని 25వ సెక్షన్ ఎ.పి.పి.ల నియామకానికి వీలు కల్పించింది. అయినా కొన్నిచోట్ల వారు పోలీసు శాఖ అదుపులోనే ఉండిపోయారు. మహారాష్ట్రకు చెందిన షహానే కేసులో 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఎ.పి.పి.లను పోలీసుల అదుపు నుంచి తప్పించి ప్రత్యేక శాఖ కిందకు తేవాలని ఆదేశించింది. 2005 నాటి సవరణతో ప్రాసిక్యూషన్ డైరెక్టరేటుకు చట్టంలోనే చోటు దక్కింది.

ఇంత జరిగినా తాలూకా కోర్టులో ఎ.పి.పి. చేతికి ఫైలు అందించేది పోలీసు స్టేషన్ నుంచి వచ్చే కోర్టు కానిస్టేబులే. ఏ సాక్షి వచ్చాడో, ఎవరికి సమన్లు అందలేదో చెప్పేదీ ఆయనే. చాలాచోట్ల ఎ.పి.పి.కి సొంత గుమాస్తా గాని, టైపిస్టు గాని లేరు. కానిస్టేబులుకు ఆ రోజు బందోబస్తు డ్యూటీ పడితే ఫైలు కూడా రాదు. చార్జిషీటులోని లోపాలు ఎత్తిచూపవలసిన అధికారి తన ఫైలు కోసం అదే స్టేషన్ వైపు చూడవలసి వస్తే స్వతంత్రత కాగితం మీదనే మిగులుతుంది.

భర్తీ ఒక తడవ, ఖాళీలు ఏటేటా

తెలంగాణలో 2021లో 151 ఎ.పి.పి. పోస్టుల భర్తీకి ప్రకటన వెలువడింది. మళ్లీ 118 పోస్టులకు ప్రకటన వచ్చింది 2025లోనే. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025లో 42 పోస్టులకు దరఖాస్తులు పిలిచారు. రెండు రాష్ట్రాల్లోను ఎంపిక బాధ్యత పోలీసు నియామక మండలిదే. పదవీ విరమణలు, ప్రమోషన్లు, దీర్ఘకాలపు సెలవులు మాత్రం ప్రకటనల కోసం ఆగవు. నాలుగేళ్లకొకసారి చెరువు నిండితే ఆయకట్టు ఏటా పండదు గదా!

ఎ.పి.పి. లేనప్పుడు ఆ కేసు వరకు మరొకరిని నియమించే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఉంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 19వ సెక్షన్ ప్రకారం ఇందుకు రాష్ట్ర ప్రభుత్వానికి 14 రోజుల నోటీసు ఇవ్వాలి. అంటే ఈ రోజు ఎ.పి.పి. రాలేదని రేపటికి మరొకరిని పెట్టుకునే వీలు లేదు. మరోవంక, తమ చేతిలో లేని కారణాలు చూపినా ఒక పక్షానికి రెండు వాయిదాలకు మించి ఇవ్వరాదని అదే చట్టం అంటున్నది. గడువు బిగించిన చట్టానికి తగ్గట్టు మనుషులను మాత్రం పెంచలేదు.

చూసేవారు ముగ్గురు, చేసేవారు ఒక్కరు

కొత్త చట్టంలోని 20వ సెక్షన్ పర్యవేక్షణకు మూడు మెట్లు కట్టింది. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే కేసులు డైరెక్టరు, ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపువి డిప్యూటీ డైరెక్టరు, ఏడేళ్ల లోపువి అసిస్టెంట్ డైరెక్టరు చూడాలి. ఆలోచన మంచిదే. అయితే పర్యవేక్షించేవారు పెరిగితే నివేదికలూ పెరుగుతాయి. గుమాస్తా లేని చోట ఆ నివేదికలు రాసి పంపవలసింది కూడా రెండు కోర్టుల మధ్య తిరుగుతున్న ఆ ఎ.పి.పి.యే.

సెషన్సు కోర్టుల పరిస్థితి మరో రకం. అక్కడ పబ్లిక్ ప్రాసిక్యూటర్లలో కొందరు బారు నుంచి నిర్ణీత కాలానికి వచ్చేవారు. ప్రభుత్వం మారితే వీరూ మారడం రివాజు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లాల్లోని ప్రభుత్వ వకీళ్లందరినీ ఒక్క కలంపోటుతో తొలగించగా సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పంజాబ్, హర్యానా ప్రభుత్వాల లా ఆఫీసర్ల నియామకాలపై 2016లో తీర్పు చెబుతూ, ఎంతమంది అవసరమో ముందు లెక్క వేయాలని, అర్హత చూసి ఎంపిక చేయాలని చెప్పింది.

మనిషి మారినప్పుడల్లా ఫైలు మొదటి పేజీ నుంచి చదవవలసిందే. సాక్షుల్లో ఎవరు ఎదురు తిరిగారు, ఏ పత్రం ఇంకా రావాలి అన్నది పాతవారు రాసిపెట్టకపోతే కొత్తవారికి తెలిసే దారి లేదు. కేసు కొట్టివేసిన తీర్పుపై ప్రభుత్వం అప్పీలు చేయడానికి గడువు 90 రోజులే. ఫైలు చేతులు మారేలోగా ఆ గడువు కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఖర్చు లేని పనులూ ఉన్నాయి

పోస్టులు పెంచితే ఖజానాకు భారమనే మాట వినవస్తుంది. సాక్షి పోగొట్టుకునే కూలి, మళ్లీ మళ్లీ ఇచ్చే బత్తా, సమన్లు పట్టుకుని తిరిగే పోలీసుల జీతం ఏ పద్దులోను కనపడవు గాని అవీ ఖర్చులే. పైగా కొన్ని పనులకు డబ్బే అక్కరలేదు. ఒకే ఎ.పి.పి. రెండు కోర్టులు చూడక తప్పనప్పుడు, ఏ వారం ఎక్కడ ఉంటారో ముందే నిర్ణయించి, సాక్షులకు ఆ రోజుల్లోనే వాయిదాలు వేయవచ్చు. బదిలీ అయ్యేవారు ప్రతి కేసుకు ఒక పేజీ నోటు రాసి అప్పగించాలని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఎవరు ఏ నెలలో రిటైరవుతారో వారు ఉద్యోగంలో చేరిన నాడే సర్వీసు రిజిస్టరులో తెలుస్తుంది. ఆ జాబితా చూసి ఏటా భర్తీ చేయడానికి అడ్డేమీ ఉండకూడదు.

డబ్బుతో పడే పని ముఖ్యంగా ఒకటి ఉంది. ప్రతి ఎ.పి.పి.కి పోలీసు శాఖతో సంబంధం లేని ఒక గుమాస్తా, ఫైళ్లు భద్రపరచుకోవడానికి ఒక గది కావాలి. ఏ కోర్టులో ఎన్ని కేసులు పెండింగులో ఉన్నాయో నేషనల్ జ్యుడిషియల్ డేటా గ్రిడ్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ లెక్కను బట్టి కోర్టుకెంతమంది కావాలో తేల్చడం కష్టం కాదు.

కేసు ఓడినప్పుడు దర్యాప్తు బాగా లేదని పోలీసులను, సాక్షి మాట తప్పాడని పల్లెవాసిని నిందించడం తేలిక. అయిదారుసార్లు తిప్పి పంపిన సాక్షి ఏడోసారి రాకపోతే అది అతని తప్పు ఎలా అవుతుంది? కోర్టుకొక ప్రాసిక్యూటరు, ప్రాసిక్యూటరుకొక గుమాస్తా ఉండేలా హోం శాఖ సత్వరం శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.