దారి మనదే అయినా



జొన్నాడ వంతెన మీద నుంచి చూస్తే గౌతమి ఎంతో విశాలంగా కనిపిస్తుంది. కానీ వేసవిలో ఇసుక తిన్నెలు తేలాక పడవ నడిచేంత లోతు కొద్ది మేరే ఉంటుంది. అక్కడ ఎదురుగా ఇంకో పడవ వస్తే ఎవరు తప్పుకోవాలి?

సముద్రపు ఓడలకు ఈ విషయంలో 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి. ఇరుకు దారిలో ప్రతి ఓడ తన కుడి అంచుకు, క్షేమంగా వీలైనంత దగ్గరగా నడవాలి. అవతల ఏముందో కనపడని మలుపులో పొడుగ్గా కూత వేయాలి. రెండు ఓడల దారులు అడ్డంగా కలిసేచోట ఒకటి తప్పుకోవాలి, రెండోది తన దారిన సాగాలి. ఆ తరువాతి మాటే నన్ను ఆలోచింపజేసింది. తప్పుకోవలసినవాడు ఒక్కడే ఇక ప్రమాదాన్ని ఆపలేడని తెలిస్తే, దారి హక్కు ఉన్నవాడు కూడా తన ఓడను తప్పించి తీరాలి. అలాగని మొదటివాడి బాధ్యత తీరిపోదు.

ఆదికాండము 13వ అధ్యాయంలో అబ్రాము చేసింది ఇదే. కాపరుల మధ్య గొడవ వచ్చినప్పుడు పెద్దవాడై ఉండి కూడా, ముందు నువ్వే కోరుకో అని లోతుకు అవకాశమిచ్చాడు.

నేను ఇంతకు ముందు సేవ చేసిన ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు కొబ్బరితోట గట్టు గురించి తగువు పడ్డారు. అన్న నా దగ్గరకు వచ్చి బాధపడితే, "న్యాయం నీ వైపే ఉంది" అన్నాను. అది నిజమే. కానీ అక్కడితో ఆగిపోయాను. అతను ఆ మాట పట్టుకుని కోర్టుకు వెళ్లాడు. తల్లి సమాధి దగ్గర కూడా ఇద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. ఆ రోజు నేను వాక్యం సరిగా చదవలేకపోయాను.

2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పిల్లలతో వెళ్తున్న నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. బడికి వెళ్లిన బిడ్డలు కొందరు ఇంటికి చేరలేదు. అలాంటప్పుడు తప్పెవరిదో తేల్చాలి, తప్పదు. కానీ ఏ విచారణైనా పడవ మునిగాకే మొదలవుతుంది. మునగకముందు చేయవలసింది రేవు నడిపేవారిదీ, సరంగుదీ, నిండిన పడవలో ఇంకొకరిని ఎక్కించబోతే "వద్దు" అనవలసిన మనదీ.

ఈ వారం మీ ఇంట్లోనో, పొలం దగ్గరో, సంఘంలోనో ఎవరితోనైనా ఎదురెదురుగా వస్తున్నారా? దారి మీదే కావచ్చు. అయినా ముందు మీరే ఒక మాట కలపండి. ఎదుటివారు కూడా మారాలని ప్రార్థించండి.

ప్రభువు మనకు ఆ మనసు దయచేయును గాక. ఆమేన్.