లెక్కల పరీక్ష రోజునే కడుపునొప్పి!

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. పదో తరగతి. మిగతా సబ్జెక్టులు బాగానే చదువుతాడు గాని లెక్కలంటే పడదు. లెక్కల పరీక్ష వుందంటే ఆ ఉదయం కడుపునొప్పి, ఒక్కోసారి వాంతి. సెలవురోజున ఏమీ వుండదు. స్కానింగ్‌లో దోషమేమీ లేదన్నారు. వాళ్ళ నాన్నగారు ఇదంతా నాటకమని కొట్టబోతారు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ ఏదైనా వ్రాయండి.
— ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: అమ్మా! మీ వాడిది నాటకం కాదు. నొప్పి నిజంగానే వస్తుంది. భయం వేసినప్పుడు అడ్రినలిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమర్చుతాయి. రక్తం ఎక్కువగా కండరాలకు మళ్ళి, జీర్ణకోశం పని తప్పుతుంది. అందుకే ఆ నొప్పి, ఆ వాంతి. ఎదురుగా పాము వచ్చినా ఇంతే, ప్రశ్నపత్రం వచ్చినా ఇంతే. అయితే నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరం వున్నా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా భయమే కారణమని వూరుకోకండి. మళ్ళీ డాక్టరుకు చూపించండి.

జ్ఞాపకశక్తిని పెంచే టానిక్కంటూ ఏదీ లేదు. ఆ డబ్బుతో రెండు పరీక్షలు చేయించండి. ఒకటి హిమోగ్లోబిన్. రక్తహీనత వుంటే చదువు మీద మనసు నిలవదు. రెండోది కళ్ళ పరీక్ష. దూరపుచూపు సరిగా లేని పిల్లలకు బోర్డు మీది అంకెలు అలుక్కుపోయినట్లుంటాయి. తెలుగు, సాంఘికం విని నేర్చుకోవచ్చు. లెక్కలు చూడకుండా నేర్చుకోవడం కష్టం. అలాంటి పిల్లలు "నాకు లెక్కలు రావు" అంటారేగాని "బోర్డు కనబడటం లేదు" అనరు. అందరికీ అలాగే కనబడుతుందనుకుంటారు.

ఇక చదువు సంగతి. లెక్కలు గొలుసులాంటివి. ఆరేడు తరగతుల్లో భిన్నాలు, రుణసంఖ్యలు పట్టుబడకపోతే పదిలో బీజగణితం పట్టుబడదు. గొలుసు ఎక్కడ తెగిందో చూడమని మాస్టారిని అడగండి. చిన్న తరగతి పుస్తకం తెప్పించడం నామోషీ కాదు. రోజూ ఉదయం అరగంట, ముందు లెక్కలే. చేసిన లెక్కను పదిసార్లు చూడటం కాదు, పుస్తకం మూసి తానే చేయాలి. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికంటే, మూసి గుర్తుచేసుకున్నవారికే వారం తరువాత ఎక్కువ జ్ఞాపకమున్నదని 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే శాస్త్రజ్ఞులు చూపించారు.

రాత్రి టీలు ఇచ్చి మేలుకొల్పకండి. ఈ వయసుకు ఎనిమిది గంటల నిద్ర తప్పదు. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర అవసరం. పరీక్ష ఉదయం రెండు ఇడ్లీలు పెట్టండి. హాల్లో దడ పుడితే ఊపిరి నెమ్మదిగా తీసి, అంతకంటే నెమ్మదిగా అయిదారుసార్లు వదలమనండి. వచ్చిన లెక్కతోనే మొదలుపెట్టమనండి.

వాళ్ళ నాన్నగారికి ఒక మాట. మీ వైపు వరి కోతలూ, ఈ పరీక్షలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. పొలం హడావుడిలో విసుగు సహజమే. కాని శ్రీనివాస రామానుజన్ సంగతి వినండి. కుంభకోణం కాలేజీలో గణితం తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయాడు. అప్పటికి పదిహేడేళ్ళు. తరువాత మద్రాసులో చదివినప్పుడూ ఆయనను తప్పించినది శరీరధర్మశాస్త్రం, అంటే మా డాక్టర్ల సబ్జెక్టే! అంతటివాడికీ పడని సబ్జెక్టు ఒకటుంది. అంతటివాడూ ఇల్లు విడిచిపోయాడు.

లెక్కల్లో పాసుకు కావలసింది 35 మార్కులు. రాకపోతే కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ వుంది. ఈ మాట ఫలితాల తరువాత కాదు, పరీక్షకు ముందే నాన్నగారి నోట పిల్లవాడు వినాలి. కడుపునొప్పికి అదే మొదటి మందు.

పిల్లవాడు తిండి మానినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, "నేను లేకపోతే మీకు పీడా పోతుంది" వంటి మాట అన్నా తేలికగా తీసుకోకండి. వాడిని ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416. ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.