‘సంతకం పెట్టి పో, అమ్మాయ్’

ప్రకాశం జిల్లా చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల రాయి బయటపడక ముందు మెట్టపొలం మెట్టపొలమే. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ వచ్చాక ఆ నేల లెక్కే మారిపోయింది. పట్టా భూమిలో క్వారీ తవ్వాలంటే పట్టాదారు ఒప్పుకోవాలి. పట్టాదారంటే పాస్‌పుస్తకంలో పేరున్న మనిషి. తండ్రి పోయాక ఆ పేరు కొడుకుల పేర్లుగా మారేటప్పుడు, ఆడబిడ్డలతో పెట్టించే సంతకం గురించే ఈ వారం రాస్తున్నాను.

పెద్దకర్మ అవుతుంది. ఆడపడుచులకు చీరలు పెడతారు. “మళ్లీ ఎప్పుడొస్తావో ఏందో, రిజిస్ట్రారాఫీసులో ఆ సంతకం పెట్టి పో, అమ్మాయ్” అంటారు. అది తన వాటాను అన్నదమ్ములకు వదులుకుంటూ రాసిచ్చే హక్కు విడుదల పత్రం. ఏ సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఇవాళ ఎంత పలుకుతుంది అన్నది ఆమెకు ఎవరూ చదివి వినిపించరు. అడిగితే “కట్నం ఇచ్చాం గదా” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. పైగా ఆ డబ్బు చాలా ఇళ్లలో అత్తమామల చేతికే పోతుంది. ఆమె చేతికి రాని సొమ్మును ఆమె వాటా కింద చెల్లు రాసుకోవడం ఏ న్యాయం?

ఆడబిడ్డ వాటా హక్కు విషయంలో దేశానికి దారి చూపిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా వచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ బాట పట్టాయి. కేంద్రం కదిలింది 2005లో. అయితే మన సవరణలో ఒక పెద్ద లోటుంది. ఆ తేదీ నాటికే పెళ్లయిపోయిన ఆడవాళ్లను అది బయట ఉంచింది. కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లుబాటైన పంపకాలు 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయి ఉంటే తప్ప, ఆనాడు మిగిలిపోయిన పెద్దామెలకూ ఇప్పుడు హక్కుంది. ఈ సంగతి వాళ్లలో ఎందరి చెవిన పడింది?

బయటి దేశాలూ చూడండి. రువాండాలో 1994 మారణహోమం తర్వాత ఎన్నో కుటుంబాల్లో ఆడవాళ్లే మిగిలారు. కూతుళ్లకు సమాన వారసత్వమిచ్చే చట్టం అక్కడ 1999లో వచ్చింది. ట్యునీషియాలో 2018లో అలాంటి చట్టాన్ని అధ్యక్షుడే ప్రతిపాదించినా పార్లమెంటు దాటలేదు. మనకు చట్టం వచ్చి నలభై ఏళ్లు. అయినా ఆడబిడ్డ సంతకం పెట్టేస్తోంది. ఎందుకంటే ఆమెకు పుట్టిల్లు కావాలి. రేపు మొగుడు తన్ని తరిమితే వచ్చి నిలబడే గడప అదొక్కటే. వాటా అడిగితే ఆ తలుపు మూసుకుపోతుందని భయం. తన భూమినే ఇచ్చి ఆ తలుపు తెరిచి ఉంచుకుంటోంది. అన్న అప్పుల్లో ఉన్నాడని అన్నీ తెలిసే, ఇష్టంగా వదులుకునే అక్కాచెల్లెళ్లు లేకపోలేదు. వాళ్లకు నేను అడ్డు చెప్పను. భయపడి పెట్టిన సంతకాన్ని ప్రేమ లెక్కలో రాయడమే నాకు కష్టంగా ఉంది.

మిరపకాయ కోసేదీ పత్తి తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. అయినా బ్యాంకు పంటరుణమిచ్చేటప్పుడు చూసేది పాస్‌పుస్తకంలో పేరు. పొలమే లేని కూలి ఇళ్లకు ఈ చట్టం ఇచ్చేదేమీ లేదు. 2020 డిసెంబరులో పేదల ఇళ్లస్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇవ్వడం అందుకే నాకు నచ్చింది.

ప్రభుత్వం వెంటనే చేయగల పని ఒకటుంది. విడుదల పత్రం రిజిస్టరు చేసేముందు సబ్ రిజిస్ట్రారు ఆమెను అన్నదమ్ములు లేని గదిలో కూర్చోబెట్టాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, తన రికార్డుల్లోనే ఉన్న ప్రభుత్వ ధర తెలుగులో చదివి వినిపించాలి. ఆలోచించుకుని రమ్మని నెల గడువివ్వాలి. ఆ నెల తర్వాత కూడా ఆమె వచ్చి సంతకం పెడతానంటే, అప్పుడు పెట్టనివ్వండి.