టార్ట్యుయాసిటీ ఎంత? మూడు వేసెయ్!

కెమికల్ వాళ్ల ప్రాజెక్టు రివ్యూల్లో ఓ ముచ్చట తరచూ కనిపిస్తుంది. కేటలిస్టు గుళికలోకి గ్యాస్ ఎలా పాకుతుందో స్క్రీన్ మీద ఎర్రగా, నీలంగా మెరిసిపోతుంటుంది. "టార్ట్యుయాసిటీ ఎంత?" అని అడిగితే, "మూడు తీసుకున్నాం సార్" అంటారు. మూడే ఎందుకు? సీనియర్ రిపోర్టులో అదే ఉంది కాబట్టి!

రంధ్రాల దారి ఎన్ని వంకర్లు తిరిగిందో చెప్పే అంకె అది అని పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి చాలాసార్లు అది లెక్కకీ కొలతకీ మధ్య మిగిలిన తేడాకి పెట్టుకున్న ముద్దుపేరు. కొలతే లేకుండా ఆ అంకె వేయడమంటే, రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందనడమే.

పోనీ కొలవడం అంత కష్టమా? థామస్ గ్రాహం 1833లో ప్రచురించిన ప్రయోగానికి కావలసింది ఒక గాజు గొట్టం, పైమూతికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిరడా, కింద నీళ్లు. గొట్టంలో హైడ్రోజన్ నింపితే, అది పారిపోయినంత వేగంగా బయటి గాలి లోపలికి రాలేదు. నీళ్లు పైకెక్కుతాయి. మట్టాలు సమానంగా ఉండేలా గొట్టాన్ని దించుతూ పోతే, ఒక పాలు గాలి వచ్చేసరికి దాదాపు 3.8 పాళ్లు హైడ్రోజన్ వెళ్లిపోతుంది. ఆ 3.8, రెండింటి సాంద్రతల నిష్పత్తికి వర్గమూలం. ఇందులో టార్ట్యుయాసిటీ ఊసే లేదు, రెండు గ్యాసులదీ ఒకే దారి కదా. కానీ ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూస్తే మన "మూడు" సంగతి తేలుతుంది. (హైడ్రోజన్ బాబూ, దగ్గర్లో మంట పెట్టకండి.)

కొలతలూ దెబ్బలాడుకుంటాయి, అది వేరే కథ. 1970ల్లో లైప్‌జిగ్‌లో యోర్గ్ కెర్గర్, ఆయన సహచరులు జియోలైట్ స్ఫటికాల్లో అణువుల కదలికని ఎన్‌ఎమ్‌ఆర్‌తో చూస్తే, బరువు పెరగడాన్ని బట్టి అప్పటిదాకా కట్టిన విలువల కంటే కొన్నిచోట్ల వేల రెట్లు ఎక్కువొచ్చింది. పాత ప్రయోగాలు చాలావాటిలో గ్యాస్ అతుక్కున్నప్పుడు పుట్టిన వేడి చల్లారే సమయాన్నీ, స్ఫటికాల కుప్పలోంచి దూరే సమయాన్నీ స్ఫటికం లోపలి డిఫ్యూజన్ అనుకున్నారు. అవి సరిచేశాక కూడా కొన్ని తేడాలు పోలేదు. ఎన్‌ఎమ్‌ఆర్ చూసేది మైక్రాన్ల దూరం, బరువు పద్ధతి చూసేది ఉపరితలం దగ్గరి అడ్డంకులతో సహా మొత్తం స్ఫటికాన్ని. మన మాలిక్యులర్ డైనమిక్స్ సిమ్యులేషన్ చూసేదేమో మామూలుగా ఏ లోపమూ లేని స్ఫటికంలో కొన్ని నానోమీటర్లు!

అందుకే "మా సిమ్యులేషన్ ప్రయోగంతో సరిపోయింది" అని స్లైడ్ పడగానే, ఏ ప్రయోగంతో అని అడగండి. రివ్యూ ఫారంలో ప్రతి అంకె పక్కనా "కొలిచిందా, అరువు తెచ్చిందా" అని ఒక గడి పెట్టించమని ఈ సెమిస్టరే మన డిపార్ట్‌మెంటుని అడుగుదాం.