వేరు కాపురం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దల మాట. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే మన కాలేజీ కుర్రవాళ్ళు ఈ సామెత వింటే నవ్వవచ్చు గాని, వాళ్ళు నిత్యం పడే అవస్థ అదే.

2014లో జూపిటర్ నోట్‌బుక్ అవతరించింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లు కలిపి దానికి నామకరణం చేశారు. గడిలో ప్రోగ్రాము ముక్క రాస్తే జవాబు ఆ కిందనే కనిపిస్తుంది. లెక్కల వారికే కాదు, పద్యాలలో గురువులూ లఘువులూ లెక్కపెట్టుకునే తెలుగు మేష్టర్లకూ పనికివస్తుంది.

చిక్కల్లా లైబ్రరీలన్నిటినీ ఒకేచోట పోగుచేయడంలో ఉంది. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు, పాత 1 వరసకు తగినట్టు కట్టిన కొన్ని లైబ్రరీలు దానితో పొసగక మొరాయించాయి. కొత్త పనికని కొత్తది తెచ్చుకుంటే, నిన్నటిదాకా నడిచిన పాత పని ఆగిపోయిందన్నమాట!

దీనికి మందు వేరు కాపురమే. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఎన్విరాన్‌మెంట్. ఇందుకు 'వెన్వ్' అనే సాధనం 2012 నాటి పైథాన్ 3.3 నుంచి పైథాన్‌తోనే వస్తోంది.

అయితే కాపురం పెట్టగానే సరిపోదు. మనకు కనిపించే పేజీ వేరు, వెనక కూర్చుని పనిచేసే 'కెర్నెల్' వేరు. కొత్త ఇంట్లో 'ఐపైకెర్నెల్'ను చేర్చి, దాని పేరు జూపిటర్ జాబితాకు ఎక్కించాలి. లేదా, మనం సామాను ఒక ఇంట్లో దింపుతాం. నోట్‌బుక్ మరో ఇంట్లో వెతుక్కుని "అలాంటిదేమీ లేదు" అంటుంది. అనుమానం వస్తే 'సిస్'ను పిలిచి, 'సిస్.ఎగ్జిక్యూటబుల్' ఏమిటో అడగండి. ఏ ఇంటి పైథానో చిరునామాతో సహా చెబుతుంది. గడిలోంచే లైబ్రరీ తెప్పించదలిస్తే 'పిప్' ముందు శాతం గుర్తు పెట్టండి; సరుకు ఆ కెర్నెల్ ఇంటికే చేరుతుంది.

ఇంకో తమాషా ఉంది. ఎన్విరాన్‌మెంటును చెరిపేసినా జాబితాలో పేరు మిగిలే ఉంటుంది, ఇల్లు ఖాళీ అయినా గుమ్మం మీద పేరుపలక ఉన్నట్టు. ఎంతసేపు తలుపు తట్టినా పలికే నాథుడుండడు. ఆ పేరును విడిగా తొలగించుకోవాలి.

ఏడాదిపాటు శ్రమపడ్డ ప్రాజెక్టు పరీక్షాధికారి కంప్యూటరులో తెరుచుకోకపోతే ఆ విద్యార్థి ఎవరితో మొరపెట్టుకుంటాడు? అందుకని 'పిప్ ఫ్రీజ్' చేసి, లైబ్రరీల పేర్లూ, వెర్షను అంకెలూ ఒక కాగితానికి ఎక్కించి, పైథాన్ వెర్షను కూడా రాసి, నోట్‌బుక్‌తోపాటే పంపండి. పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారె కూడా పంపుతాం కదా!