సొంత విమానం, ఊరి పన్ను

ఆశ పడటంలో తప్పులేదు. అమెరికాలోని డులూత్‌లో తయారయ్యే సిర్రస్ విజన్ జెట్ చూడండి. ఒకే ఇంజను, ఏడుగురికి చోటు. శిక్షణ తీసుకున్న యజమాని తానే నడుపుకోవచ్చు. ఆపదొస్తే విమానం మొత్తాన్నీ కిందికి దించే పారాచూట్ ఉంది. ఎయిర్‌పోర్టులో క్యూ ఉండదు, పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ధర సుమారు 30 లక్షల డాలర్లు, మన లెక్కలో 25 కోట్ల పైమాటే. ఇంధనం గంటకు 200 లీటర్లు దాటుతుంది. దుక్కిలో ట్రాక్టరు ఐదారు లీటర్లు తాగితేనే మన గుండె గుభేలుమంటుంది! హ్యాంగరు అద్దె, బీమా, పైలట్ శిక్షణ వేరే.

సొంత డబ్బుతో కొనుక్కుంటే మాకు పేచీ లేదు. పేచీ పన్ను దగ్గరే. అమెరికాలో 2025 చట్టం ప్రకారం, వ్యాపారానికని కొన్న విమానం ధర మొత్తాన్నీ మొదటి ఏడాదే ఆదాయంలోంచి తగ్గించి చూపొచ్చు. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత వాడకం విమానంపై జీఎస్టీ 40 శాతం. మంచిదే. సొంత వాడకం కాదంటే మాత్రం 5 శాతమే, మన ట్రాక్టరుతో సమానం. మరి అందులో ఎవరెక్కారో, కిరాయి కట్టారో లేదో ఏటా లాగ్‌బుక్కు తనిఖీ చేసి బయటపెట్టాలి. కౌలు రైతును ఒక్క కాగితం లేదని బ్యాంకు గుమ్మంలోంచే తిప్పి పంపుతున్నారు కదా, ఆ పట్టింపు ఇక్కడా చూపించమంటున్నాం.